బెల్టు మీద సబ్బు

రాయపూర్‌లో టాటీబంధ్ దగ్గరున్న మా వర్క్‌షాపులో నన్ను కొన్నాళ్లు బండ్లు కడిగే ర్యాంపు మీద పెట్టారు. ఇంజను పనిలో జుట్టు నెరిశాక కాళ్లకు గమ్‌బూట్లు వేయించి, చేతికి నీళ్ల పైపు ఇచ్చారు. మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తాల్సి వస్తే గొంతు తగ్గిస్తారు, నాకు వినపడదనుకుని. తగ్గించక్కర్లేదు. నాకు అందులో సిగ్గు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నన్నక్కడ ఎందుకు పెట్టారో, ఆ పైపుతో నేనేం చేశానో ఈ పని నేర్చుకుంటున్న పిల్లల కోసం రాస్తున్నాను. రాయపూర్‌లో స్పానర్ పట్టిన మన పిల్లల్లో తెలుగు చదవగలిగేవాళ్లు ఎందరున్నారో తెలీదు. చదవలేనివాళ్లకి ఇంట్లో అమ్మో అత్తో చదివి వినిపిస్తుందిలే.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వాగన్లు బాగుచేసే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాకు రైల్వే ఉద్యోగం రాలేదు. ఇనుము పని మాత్రం ఒంట్లోకి వచ్చింది. రాయపూర్ ఛత్తీస్‌గఢ్‌కి రాజధాని అయ్యాక ఊరికి రోడ్లొచ్చాయి, ఆఫీసులొచ్చాయి, వాటితో పాటు బియ్యమూ సిమెంటూ మోసే పికప్ బండ్లు ఈగల్లా ముసిరాయి. మా వర్క్‌షాపు బతికింది ఆ పికప్పుల మీదే.

మా షాపులో ఒక పద్ధతి ఉండేది. బండి బాగుచేసినవాడే దాన్ని గేటు దాటించాలి. యజమానినో డ్రైవరునో పక్కన కూర్చోబెట్టుకుని చౌరస్తా దాకా తోలి వెనక్కి తేవాలి. దాన్ని చక్కర్ అనేవాళ్లం. చక్కర్ అయ్యాక ఇంజను ఆపి, తాళంచెవి తీసి, వచ్చినవాళ్ల చేతిలో పెట్టాలి. బల్ల మీద పడేస్తే కుదరదు, ఇంకొకడితో పంపితే కుదరదు. మా మాట ఆ తాళంచెవిలో ఉందని జనం నమ్మేవాళ్లు, మేమూ నమ్మేవాళ్లం.

ఆ పద్ధతిలోకి సబ్బు దూరింది. ఇంజను బెల్టు కీచుమంటుంటే ఒంటిసబ్బు ముక్క తీసుకుని బెల్టు లోపలివైపు రుద్దితే కాసేపు నోరుమూసుకుంటుంది. ఇది పాతవాళ్ల చిట్కా. అడవి మధ్యలో బండి అరుస్తుంటే ఊరు చేరేదాకా పనికొస్తుంది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ "కాసేపు" అన్నది సరిగ్గా మా చక్కర్ అంత ఉంటుందని ఎవడో కనిపెట్టాడు. చక్కర్ నిశ్శబ్దంగా అయిపోతుంది, తాళం చేతులు మారుతుంది, అరుపు తర్వాత ఎప్పుడో రోడ్డు మీద మొదలవుతుంది.

కొత్తవాళ్లకి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. పాత బండ్లలో బెల్టు వదులైతే, బ్యాటరీకి కరెంటిచ్చే ఆల్టర్నేటర్ బోల్టు సడలించి, రాడ్డు అడ్డంపెట్టి లాగి బిగించేవాళ్లం. తర్వాత వచ్చిన పికప్పుల్లో పొడుగాటి బెల్టు ఒక్కటే ఆల్టర్నేటర్‌నీ, నీళ్ల పంపునీ, స్టీరింగ్ పంపునీ తిప్పుతుంది. దాన్ని ఎప్పుడూ బిగువుగా పట్టి ఉంచేది టెన్షనర్. లోపల ఒక స్ప్రింగు, బయటికి ఒక చేయి, దాని చివర చిన్న చక్రం, అంతే. ఆ స్ప్రింగు నీరసపడితే బెల్టు జారుతుంది, కీచుమంటుంది, అంచులు పీచులు లేచి తెగుతుంది. తెగితే ఇంజను కాగిపోతుంది, స్టీరింగ్ మొరాయిస్తుంది. బియ్యం బస్తాల లోడుతో టాటీబంధ్ చౌరస్తాలో, లారీల మధ్య అది జరిగితే ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి.

ఇక ఆ బండి సంగతి. మందిర్ హసౌద్ వైపు ఒక బియ్యం మిల్లు సేఠ్‌ది. దాని డ్రైవరు తెలుగువాడు, పైగా మా శ్రీకాకుళం వైపువాడే. నాకన్నా కొంచెం పెద్ద. అతనంటే నాకు పడేది కాదు, దాచుకోవడం ఎందుకు. ప్రతి పనికీ వంక పెట్టేవాడు. గుట్కా నములుతూ వచ్చి, షెడ్డులో నేను బండ్లు విప్పే చోటు, నా బే మూలన ఉమ్మేవాడు. అతను "తమ్ముడా" అని తెలుగులో మొదలుపెడితే నేను హిందీలో జవాబిచ్చేవాణ్ని. షాపులో పరాయివాళ్ల ముందు మన భాషలో గుసగుసలాడితే లేనిపోని మాటలొస్తాయని నాకో భయం.

ఆ బండికి మొదటి టెన్షనర్ మామూలుగా అరిగిపోతే మా షాపులోనే కొత్తది వేశారు. ఆ రోజుల్లో మా మేనేజర్ ఎక్కడినుంచో ఒక పెట్టెడు టెన్షనర్లు తెప్పించాడు, ఈ బండికి వేసింది అందులోదే. చూడ్డానికి అసలుదానికీ వాటికీ తేడా లేదు. స్ప్రింగులో మాత్రం పస లేదు. అప్పటినుంచి ఆ బండి బెల్టులు వరసగా పోసాగాయి. పోయిన ప్రతిసారీ కొత్త బెల్టు వేసి, సబ్బు రుద్ది, సేఠ్‌తో మేనేజర్ చెప్పేది ఒకటే మాట. డ్రైవర్ నీళ్లలోంచీ ఊకదుమ్ములోంచీ తోలుతున్నాడు, అనవసరంగా రేసు ఇస్తున్నాడు, బెల్టు ఏం చేస్తుంది పాపం అని.

నిజం షాపులో అందరికీ తెలుసు. నేనేదో గొప్పగా కనిపెట్టానని చెప్పడం లేదు. ఇంజను నడుస్తుండగా తొంగిచూస్తే ఆ టెన్షనర్ చేయి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ కనిపించేది. చాయ్ దగ్గర అందరం దాని గురించే మాట్లాడుకునేవాళ్లం, మేనేజర్ కనిపిస్తే క్రికెట్‌లోకి దిగేవాళ్లం. ఒక్క బండికి తప్పు ఒప్పుకుంటే ఆ పెట్టెలోవి వేసిన బండ్లన్నిటినీ వెనక్కి పిలవాలి. పిల్లి మెడలో గంట ఎవరు కడతారు?

మళ్లీ బెల్టు తెగింది. ఈసారి బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. సేఠ్ తానే మర్నాడు వస్తానని, ఇది డ్రైవరు నిర్వాకమే అయితే అక్కడికక్కడే పంపించేస్తానని ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం డ్రైవరు నా బే దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నోట్లో గుట్కా లేకుండా అతన్ని చూడ్డం నాకు అదే మొదలు.

"తమ్ముడా, ఈపాలి సేఠు నన్ను పంపించేత్తాడు. గాడీ నానే పాడుసేత్తన్నానని మీ మేనేజరు సెప్పాడంట. నాను బెల్టులు తింటన్నానేటి?"

"కల్ దేఖేంగే, డ్రైవర్ సాబ్," అన్నాను. రేపు చూద్దామని.

"రేపేటి సూత్తావు? ఈ వయసులో నన్నెవుడు పెట్టుకుంటాడు? బెల్టులు తెంపే డ్రైవరని పేరొచ్చేక మరే మిల్లోడూ పిలవడు. మా గుంట బీఎస్సీ సదువుతంది. నాకొచ్చిందల్లా ఆ స్టీరింగొకటే."

అని వెళ్లిపోయాడు. బతిమాలినా బాగుండేది, బతిమాలలేదు.

కాసేపటికి మేనేజర్ నన్ను గదిలోకి పిలిచాడు. ఎప్పుడూ తెల్లచొక్కా వేసే మనిషి, మాట నెమ్మది. కొత్త బెల్టు వేయించు, సాబున్ మార్ దో, రేపు సేఠ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే చక్కర్ కొట్టు, డ్రైవర్‌దే తప్పని నీ నోటితో చెప్పు, నువ్వు చెప్తే నమ్ముతాడు అన్నాడు. టెన్షనర్ మారిస్తే తప్ప నేను తాళం పట్టుకోనన్నాను. "ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి, నీకు తెలీదా?" అన్నాడు. తెలుసు, అన్నీ మార్చాలి అన్నాను. అప్పుడు నవ్వి, "సమఝ్ గయా. ఆంధ్రావాలా హై నా, ఇసీలియే," అన్నాడు. వాడు మీ ఆంధ్రావాడు కదా, అందుకనే అని.

ఆ మాటకి నాకు మండింది. నేను పుట్టింది ఇక్కడి రైల్వే ఆస్పత్రిలో. చదివింది ఇక్కడి హిందీ బడిలో. ఆయన మూడేళ్ల కిందట ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చినవాడు. పోనీ డ్రైవరు ఆంధ్రావాడే అనుకుందాం, స్ప్రింగు ఏ రాష్ట్రానిది? అడగాలనుకున్నాను గానీ కోపంలో నాకు హిందీ సరిగ్గా రాదు. బయటికొచ్చాను.

ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ రొట్టెలు కాలుస్తూ విన్నది.

"షాపులో అంతమందుంటే ఈ ఝంఝట్టు మీకే పట్టిందేటి? ఆ సబ్బు ముక్కేదో రుద్దేసి రాండి," అన్నది. నా మొహం చూసి పెనం దించింది. "రుద్దరు. నాకు తెలుసు. మొండోడు రాజుకంటే బలవంతుడని మా అమ్మ మిమ్మల్ని సూసే అన్నాది. రేపు డబ్బాలో రెండు రొట్టెలు ఎక్కువ పెడతాను, గొడవపడితే ఆకలేస్తాది."

మర్నాడు నేను వెళ్లేసరికే బెల్టు వేసేసి ఉంది. బానెట్ ఎత్తితే స్నానాలగదిలా సువాసన. వేసింది నా పక్క బే పెద్దాయన, ఛత్తీస్‌గఢీ మనిషి, నాకు ఈ పని నేర్పినవాళ్లలో ఒకడు. నా వైపు చూడకుండా చేతులు తుడుచుకుంటూ, "కా కరబో భైయా, సాహబ్ కహిస్," అన్నాడు. ఏం చేస్తాం, సాహెబ్ చెప్పాడని. ఆయన్నేమీ అనలేదు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి.

సేఠ్ వచ్చాడు. పొట్టి మనిషి, భుజం మీద తువ్వాలు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే కూర్చోలేదు. మేనేజర్ డ్రైవరు చేత ఇంజను స్టార్ట్ చేయించాడు. ఇంజను చక్కగా, పెళ్లికూతురిలా తలవంచుకుని నడిచింది. చూశారుగా సేఠ్‌జీ, బండిలో ఏ లోపమూ లేదు, లోపం తోలేవాడిలో ఉందన్నాడు. సేఠ్ కాసేపు ఇంజను విని, డ్రైవరు వైపు తిరిగి చెయ్యి చాపాడు. "చాబీ దే దే." తాళం ఇచ్చెయ్, ఇక నువ్వు వెళ్లిపోవచ్చని.

డ్రైవరు ఇంజను ఆపి తాళంచెవి తీశాడు. ఇవ్వబోతున్నాడు.

"చక్కర్ కాలేదు సేఠ్‌జీ," అన్నాను. "చక్కర్ కాకుండా మా షాపులో తాళం చేతులు మారదు."

మేనేజర్ నన్ను చూశాడు. నేను ఆయన్ని చూడలేదు. చూస్తే ఆగిపోతానేమోనని చూడలేదు. డ్రైవరుని మళ్లీ ఎక్కి స్టార్ట్ చెయ్యమన్నాను, హెడ్‌లైట్లు వెయ్యమన్నాను, స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి పట్టుకోమన్నాను. అలా చేస్తే బెల్టు మీద బరువు పడుతుంది. మంచినీళ్ల డ్రమ్ము దగ్గరున్న మగ్గు ముంచుకొచ్చి, ఆల్టర్నేటర్ మీద పడకుండా బెల్టు లోపలివైపుకి సన్నగా ధార పోశాను.

ముందు నురగ వచ్చింది. తిరిగే బెల్టు మీంచి తెల్లటి నురగ లేచి, చక్రాల మీంచి చిమ్మి, ముందుకొచ్చి ఏం చేస్తున్నావని అడగబోయిన మేనేజర్ చొక్కా నిండా పడింది. చొక్కా తెల్లది కాబట్టి నురగ కనపడలేదు గానీ, దాంతో పాటు చిమ్మిన నల్ల మడ్డి బాగా కనపడింది. రెండో మగ్గు పోశాను. సబ్బు కడుక్కుపోయింది. అప్పుడు అరిచింది బెల్టు. రేకుల షెడ్డు కాబట్టి ఆ అరుపు చివరి బే దాకా వెళ్లింది. అందరూ పనాపి ఇటు తిరిగారు.

"యే క్యా హై?" అన్నాడు సేఠ్.

"ముందు వచ్చింది సబ్బు సేఠ్‌జీ. సబ్బు పోయింది, అందుకని అరుస్తోంది. బెల్టు కొత్తదే. దాన్ని పట్టుకునే టెన్షనర్‌కి బలం లేదు. అది వేసింది మా షాపులోనే."

మేనేజర్ చొక్కా దులుపుకుంటూ, వీళ్లిద్దరూ ఒక ఊరివాళ్లు, కూడబలుక్కుని నాటకమాడుతున్నారు అన్నాడు.

"ఈ మనిషంటే నాకు పడదు," అన్నాను. "నా బేలో ఉమ్మేస్తాడు. ఎవర్నైనా అడగండి."

క్యాబిన్‌లోంచి డ్రైవరు తల బయటపెట్టి, ఉమ్మిన మాట నిజమే సేఠ్‌జీ అన్నాడు. సేఠ్‌కి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని, "నా కళ్లముందు మార్చు," అన్నాడు.

స్టోర్‌లో ఇంకో బండి కోసం తెప్పించిన అసలు టెన్షనర్ ఒకటుంది. ఇంజను ఆపించి, ఎవర్నీ అడగకుండా వెళ్లి తెచ్చాను. వచ్చేసరికి పక్క బే పెద్దాయన పొడుగు స్పానర్ పట్టుకుని బండి దగ్గర నిలబడి ఉన్నాడు. నేను పిలవలేదు. ఆయనే టెన్షనర్ చేతికి స్పానర్ తగిలించి లాగి పట్టుకున్నాడు, నేను బెల్టు జార్చాను. మధ్య బోల్టు విప్పి పాతది తీశాను. కొత్తదాని వెనకున్న చిన్న పిన్ను దాని గుంటలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి బోల్టు బిగించాను. పిల్లలూ, ఆ పిన్ను కూర్చోకపోతే మీరెంత బిగించినా దండగే. సబ్బు పట్టిన బెల్టు పనికిరాదని ఇంకోటి తీసి, దాని గాడులన్నీ చక్రాల గాడుల్లో కూర్చునేలా సరిచూసి ఎక్కించాక పెద్దాయన స్పానర్‌ని నెమ్మదిగా వదిలాడు.

పాత టెన్షనర్ సేఠ్ చేతిలో పెట్టాను. బొటనవేలితో నొక్కి చూడమన్నాను. దాని చేయి తలుపు గడియలా అటూ ఇటూ ఆడింది. బండిలో ఉన్న కొత్తదాన్ని నొక్కి చూడమన్నాను. రెండు చేతులతో నొక్కాడు, కదల్లేదు. సేఠ్ మేనేజర్ వైపు ఒక్క చూపు చూశాడు.

చక్కర్ నేనే కొట్టాను. సేఠ్ నా పక్కన, డ్రైవరు వెనక తొట్టిలో. టాటీబంధ్ మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పాను. రోడ్డు పక్కన ఆపి, సీసాలో తెచ్చిన నీళ్లు బెల్టు మీద పోశాను. కిక్కురుమనలేదు.

షాపుకి తిరిగొచ్చి ఇంజను ఆపి తాళంచెవి తీశాను. సేఠ్ చెయ్యి చాపాడు. నేను సేఠ్‌ని దాటి వెళ్లి, తొట్టిలోంచి దిగుతున్న డ్రైవరు చేతిలో పెట్టాను. మేనేజర్, మెకానిక్కులు, అందరూ చూస్తుండగా, షెడ్డంతా వినపడేలా తెలుగులో అన్నాను.

"ఇదిగో అన్నా, నీ బండి తాళం."

ఆ షాపులో అతనితో నేను మాట్లాడిన మొదటి తెలుగు మాట అది. ఎవడేమనుకుంటాడోనన్న భయం ఆ రోజుతో పోయింది.

సేఠ్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నన్నూ డ్రైవరునీ మార్చి మార్చి చూశాడు. తువ్వాలు భుజం మీద సర్దుకుని బండెక్కి కూర్చుని, డ్రైవరుతో, "దేఖ్ క్యా రహా హై? మిల్ చల్," అన్నాడు. ఏం చూస్తున్నావు, మిల్లుకి పద అని. క్షమాపణలూ కృతజ్ఞతలూ ఏమీ లేవు. ఆ పిలుపుతో డ్రైవరు ఉద్యోగం నిలబడింది.

డ్రైవరేమన్నాడనుకున్నారు? స్టీరింగ్ ముందు కూర్చుని, "అదేదో ముందే మార్చీసుంటే ఇంత గొడవుండీది కాదు కదేటి, తమ్ముడా," అన్నాడు. అని గుట్కా పొట్లం చింపి నోట్లో పోసుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. గేటు దాటాకే ఉమ్మాడు.

మర్నాడు నాకు గమ్‌బూట్లు వచ్చాయి. "నీకు నీళ్లంటే ఇష్టం కదా," అన్నాడు మేనేజర్. నేను మానేసి వెళ్లిపోతానని ఆయన లెక్క. సాయంత్రం తడిసిన ప్యాంటుతో ఇంటికెళ్తే మా ఆవిడ కూడా మానేస్తారా అని అడిగింది. మానితే ఆయన గెలిచినట్టే అన్నాను. "అయితే ఇంకో జత పేంటు కుట్టించుకోండి," అన్నది.

ర్యాంపు మీద పని ఏమిటి? బండి వస్తుంది, ఊకదుమ్మో సిమెంటుదుమ్మో కడగాలి. ఆ పెట్టెలోని టెన్షనర్లు వేసుకున్న పికప్పులన్నీ ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి రావలసిందే. వచ్చినప్పుడు నీళ్ల పైపు ఎవరి చేతిలో ఉంది? నా చేతిలో. నాకు ఇంతకన్నా మంచి పోస్టింగు ఎవరిస్తారు?

ప్రతి డ్రైవరునీ కడగడానికి ముందు బానెట్ ఎత్తమనేవాణ్ని, ఇంజను ఆపొద్దనేవాణ్ని. పైపు నోరు వేలితో నొక్కి బెల్టు మీద సన్నటి ధార వదిలేవాణ్ని. అరవనిదాన్ని కడిగి పంపేవాణ్ని. అరిచిందాని డ్రైవరుతో, తిన్నగా కౌంటరు దగ్గరికి అలాగే అరిపించుకుంటూ పో, అసలు టెన్షనర్ అడుగు, వెయ్యకపోతే కదలకు అనేవాణ్ని. వాళ్లు అలాగే వెళ్లేవాళ్లు. ఆఫీసు కిటికీ ముందు బండి కేకలు పెడుతుంటే ఎవరైనా ఎంతసేపు ఓర్చుకుంటారు? లోపల పక్క బే పెద్దాయన ఒక్కొక్కటీ మారుస్తుండేవాడు. ఆయన బేలో ఒంటిసబ్బు వాసన మళ్లీ రాలేదు. ఆ పెట్టెలో మిగిలినవి ఏమయ్యాయో తెలీదు, మళ్లీ ఎవరికీ కనిపించలేదు.

మీ చేతుల్లో ఇప్పుడు స్కానర్లున్నాయి, మంచిదే. బెల్టుకి సబ్బు రాశారని ఏ స్కానరూ చెప్పదు, ఒక మగ్గు నీళ్లు చెబుతాయి. షాపులో ఎవరు ఎటు తోసినా, తోసిన చోట ఏముందో ఒకసారి చూసుకోండి. నేను అలా చూసుకున్నాను కాబట్టే రిటైరయ్యేదాకా తల దించకుండా ఆ గేటు దాటాను.

ఒకరోజు మేనేజర్ ర్యాంపు దగ్గరికి వచ్చాడు. తుంపర్లు పడనంత దూరంలో ఆగాడు, ఆ రోజూ తెల్లచొక్కానే. రేపటినుంచి నీ బేలోకి వచ్చెయ్, ఇక్కడ చాలు అన్నాడు.

"వస్తాను సార్. వీటి పని అయ్యాక," అని చెయ్యి చూపించాను.

ఆయన తిరిగి చూశాడు. గేటు దాకా పికప్పులు వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా ముందు మందిర్ హసౌద్ సేఠ్ బండి. డ్రైవరు కిటికీలోంచి వంగి, షెడ్డంతా వినపడేలా తెలుగులో కేకేశాడు.

"తమ్ముడా, నా గాడీ బాగానే ఉంది. ఎనకాల ఉన్నోలందర్నీ నానే తీసుకొచ్చినాను. ముందు ఆళ్లవి సూడు."

పైపు భుజాన వేసుకుని రెండో బండి దగ్గరికి నడిచాను. బానెట్ ఎత్తమన్నాను, ఇంజను ఆపొద్దన్నాను.